ఇంటి సన్‌స్క్రీన్‌లో ఏ యాంటీఆక్సిడెంట్? సీసాకు ఒకటి, చర్మానికి ఒకటి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో తిరిగే ముఖానికి ఇంట్లోనే ఒక క్రీము చేసుకుందామని కూర్చున్నవాళ్లకు అందరూ ముందు చెప్పేది విటమిన్ ఇ. ఆ తర్వాత విటమిన్ సి, గ్రీన్ టీ, పసుపు, రోజ్‌మేరీ, నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం). సామగ్రి అమ్మే చోట జాబితా చూస్తే అన్నీ మంచివే అనిపిస్తుంది. అన్నీ ఒకే పని చేస్తాయనీ అనిపిస్తుంది. నిజానికి వీటిలో కొన్ని సీసాలోని నూనెను కాపాడతాయి, కొన్ని చర్మాన్ని కాపాడతాయి. కొన్ని జింక్ ఆక్సైడ్ పక్కన పెట్టగానే పాడైపోతాయి. ఏది ఎందుకు వేస్తున్నామో ముందే తేల్చుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఎండను ఆపేది యాంటీఆక్సిడెంట్ కాదు

అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది జింక్ ఆక్సైడ్ వంటి ఫిల్టర్. యాంటీఆక్సిడెంట్ చేసేది ఆ తర్వాతి పని. ఫిల్టర్‌ను దాటి లోపలికి వెళ్లిన కిరణాలు, ముఖ్యంగా వాటిలో లోతుకు దిగే యూవీఏ రకం, చర్మంలో ఫ్రీ రాడికల్స్‌ను, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను, పుట్టిస్తాయి. వాటిని పట్టి చల్లార్చేది యాంటీఆక్సిడెంట్. ఒకటి గోడ అయితే రెండోది గోడ దాటి వచ్చిన నిప్పురవ్వలను ఆర్పే నీళ్లు. నీళ్లున్నాయి కదా అని గోడ కట్టకుండా ఉండలేం.

ఇంట్లో కలిపిన క్రీముకు ఎస్‌పీఎఫ్ (ఎండకు ఎర్రబడకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఎంతో ఇంట్లో తెలుసుకునే మార్గం లేదు. ప్రయోగశాలలో మనుషుల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి, దీపపు కాంతి పెట్టి, ఎర్రదనం ఎప్పుడు మొదలవుతుందో చూసి ఆ అంకె తేలుస్తారు. 20 శాతం జింక్ ఆక్సైడ్ వేశాం కాబట్టి ఇంత వస్తుందని లెక్క కట్టలేం. చేతి బ్లెండర్‌తో కలిపినప్పుడు పొడి చిన్న చిన్న ఉండలుగా మిగిలిపోతుంది. ఆ ఉండల మధ్య ఖాళీల్లోంచి ఎండ నేరుగా దిగుతుంది. కంటికి మాత్రం క్రీము తెల్లగా, నున్నగా కనిపిస్తుంది.

యాంటీఆక్సిడెంట్ల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది మరొకటి ఉంది. వీటిలో చాలావాటికి వాపును, ఎర్రదనాన్ని తగ్గించే గుణం ఉంది. పల్చటి రక్షణ ఉన్న క్రీములో ఇవి దండిగా వేస్తే చర్మం ఎర్రబడటం ఆలస్యమవుతుంది. కిరణాలు మాత్రం లోపలికి పోతూనే ఉంటాయి. ఎర్రదనం మన చర్మం మోగించే గంట. ఆ గంట మోగలేదు కాబట్టి క్రీము పనిచేస్తోందని నమ్మి ఇంకో గంటసేపు ఎండలో నిలబడితే నష్టం రెట్టింపవుతుంది.

అందుకే నేను పాటించేది, అడిగినవాళ్లకు చెప్పేది ఒకటే. సన్‌స్క్రీన్ పరీక్షించినది కొనండి. యాంటీఆక్సిడెంట్‌ను ఇంట్లో చేసుకుని దాని కింద పొరగా రాసుకోండి. జింక్ ఆక్సైడ్ క్రీము స్వయంగా చేసి తీరతామనేవాళ్లు దాన్ని గొడుగు, టోపీ, పొడుగు చేతుల చొక్కాకు తోడుగా వాడాలి, వాటికి బదులుగా కాదు. ఈ రెండు దారులకూ సరిపడే పదార్థాలు వేరు వేరు.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటి ప్రశ్న, దేన్ని కాపాడాలి? క్రీములోని నూనె ముక్కిపోకుండా చూడాలంటే చాలా తక్కువ మోతాదు చాలు, అది నూనెలో కరిగేదై ఉండాలి. చర్మానికి పని జరగాలంటే మోతాదు ఎక్కువ కావాలి, చర్మంలోకి దిగే రూపమూ కావాలి.

రెండోది పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం. ఇంటి ప్రయోగాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. జింక్ ఆక్సైడ్ కలిపిన క్రీము పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉంటుంది. ఆమ్లం తగిలితే జింక్ ఆక్సైడ్ కరగడం మొదలవుతుంది, క్రీము గట్టిపడటమో విరగడమో జరుగుతుంది. కాబట్టి ఆమ్లంలోనే బతికే పదార్థం ఏదైనా జింక్‌తో ఒకే సీసాలో ఇమడదు.

మూడోది వెలుతురును, వేడిని తట్టుకునే శక్తి. మన వేసవిలో గది వేడే 38, 40 డిగ్రీలకు పోతుంది. 25 డిగ్రీల దగ్గర ఆరు నెలలు నిలిచే సీసా ఆ వేడిలో నిలవదు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ సుమారు రెట్టింపు వేగంతో సాగుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడుకలో ఉన్న మోటు లెక్క.

నాలుగోది తూకం. 100 గ్రాముల క్రీములో 0.2 శాతం అంటే 0.2 గ్రాము. వంటింటి తూకం దీన్ని చూపలేదు. 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం, నగలు తూచడానికి వాడే రకం, తప్పనిసరి. చుక్కల లెక్క నమ్మకండి. చిక్కటి టోకోఫెరాల్ (విటమిన్ ఇ) చుక్కకూ పల్చటి నూనె చుక్కకూ బరువులో చాలా తేడా ఉంటుంది.

| పదార్థం | దేనిలో కరుగుతుంది | వాడే మోతాదు | తగిన పీహెచ్ | జింక్ ఆక్సైడ్‌తో ఒకే సీసాలో | ముఖ్యంగా దేనికి |
|---|---|---|---|---|---|
| మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ | నూనె | 0.1–0.5 శాతం | పట్టింపు లేదు | సరే | సీసాలోని నూనెకు |
| ఆల్ఫా టోకోఫెరాల్ | నూనె | 0.5–1 శాతం | పట్టింపు లేదు | సరే | చర్మానికి |
| టోకోఫెరిల్ అసిటేట్ | నూనె | 1–2 శాతం | పట్టింపు లేదు | సరే | చర్మానికి, నెమ్మదిగా |
| రోజ్‌మేరీ యాంటీఆక్సిడెంట్ సారం | నూనె | 0.1–0.4 శాతం | పట్టింపు లేదు | సరే | సీసాలోని నూనెకు |
| ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం (అసలు విటమిన్ సి) | నీరు | 10–20 శాతం | 3.5 లోపు | వద్దు | చర్మానికి |
| ఆస్కార్బిల్ టెట్రాఐసోపాల్మిటేట్ (విటమిన్ సి నూనె రూపం) | నూనె | 1–5 శాతం | ఆమ్లం అక్కర్లేదు | సరే | చర్మానికి |
| నియాసినమైడ్ | నీరు | 2–5 శాతం | 5–7 | సరే | చర్మానికి |
| గ్రీన్ టీ సారం | నీరు | 1 శాతం లోపు | 4–5.5 | వద్దు | చర్మానికి |

విటమిన్ ఇ: ఒకే పేరుతో మూడు సరుకులు

మందుల షాపులో దొరికే ఆకుపచ్చ క్యాప్సూల్‌ను సూదితో గుచ్చి క్రీములో పిండటం మన ఇళ్లలో ఎంతోమంది చేసే పని. నేనూ రెండు వేసవులు అదే చేశాను. పొద్దుతిరుగుడు నూనెతో క్రీము చేసి, 100 గ్రాములకు నాలుగు క్యాప్సూళ్లు పిండినా మూడో వారానికి జంతికల డబ్బా అడుగున మిగిలే పాత నూనె వాసన వచ్చింది. తప్పు క్యాప్సూల్‌ది కాదు. దానిలో సాధారణంగా ఉండేది టోకోఫెరిల్ అసిటేట్, టోకోఫెరాల్ కాదు. ఆ తేడా నాకు అప్పటికి తెలియదు.

టోకోఫెరాల్ అణువుకు ఫ్రీ రాడికల్‌కు హైడ్రోజన్‌ను అందించే చెయ్యి ఒకటి ఉంటుంది. అసిటేట్ రూపంలో ఆ చెయ్యి కట్టేసి ఉంటుంది. అందుకే అది సీసాలో ఏళ్ల తరబడి చెడదు, ఆ కారణంగానే సీసాలోని నూనెకు ఏ సాయమూ చేయదు. చర్మంలోకి వెళ్లాక అక్కడి ఎంజైములు ఆ కట్టును కొంత కొంతగా విప్పుతాయి. అంటే క్యాప్సూల్ చర్మానికి కొద్దిగా, నిదానంగా పనికొస్తుంది. నూనె ముక్కిపోకుండా ఆపాలంటే మాత్రం పనికిరాదు.

నూనెకు కావాల్సింది మిక్స్‌డ్ టోకోఫెరాల్స్. ఇందులో గామా, డెల్టా రకాలు ఎక్కువగా ఉంటాయి, నూనెలను కాపాడటంలో ఆల్ఫా కంటే ఇవే మెరుగు. తేనెలాగా చిక్కగా, గోధుమ రంగులో ఉంటుంది. లేబుల్ మీద టీ-50 అని ఉంటే సుమారు 50 శాతం టోకోఫెరాల్స్, మిగతాది నూనె అని అర్థం. ఎక్కువ వేస్తే ఎక్కువ రక్షణ అనుకోకండి. నూనెలో ఆల్ఫా టోకోఫెరాల్ మోతాదు మించితే ఆక్సీకరణను ఆపాల్సింది పోయి దాన్నే ప్రోత్సహించగలదు. పట్టికలోని హద్దులు దాటవద్దనేది అందుకే.

యాంటీఆక్సిడెంట్ కంటే ముందు నూనెనే సరిగ్గా ఎంచుకుంటే సగం పని అయిపోతుంది. పొద్దుతిరుగుడు, ద్రాక్ష గింజల, రోజ్‌హిప్ నూనెలు త్వరగా ఆక్సీకరణ చెందుతాయి. కొబ్బరి నూనెలో సంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి చాలాకాలం నిలుస్తుంది, కాకపోతే మొటిమల ముఖానికి బరువు. నువ్వుల నూనెలో సెసమాల్ వంటి సహజ యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి, ఆ నూనె మన ఇళ్లలో నెలల తరబడి నిలవడానికి ఒక కారణం అదే. తవుడు నూనెలో గామా ఒరిజనాల్ ఉంటుంది. అయితే రసాయన పద్ధతిలో బాగా శుద్ధి చేసిన తవుడు నూనెలో అది చాలావరకు పోతుంది. ఈ నూనెలేవీ సన్‌స్క్రీన్ కావు. కొబ్బరి నూనెకో రాస్‌బెర్రీ గింజల నూనెకో ఫలానా ఎస్‌పీఎఫ్ ఉందంటూ ప్రచారమయ్యే అంకెలను నమ్మి ఎండలోకి వెళ్లవద్దు.

రోజ్‌మేరీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కార్నోసిక్ ఆమ్లం ఉన్న యాంటీఆక్సిడెంట్ సారం నూనెలను చక్కగా కాపాడుతుంది, టోకోఫెరాల్‌తో కలిస్తే ఇంకా బాగుంటుంది. రంగు, మూలిక వాసన కొంచెం అంటుతాయి. సువాసన కోసం అమ్మే రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్ మాత్రం వేరే వస్తువు. అది ఈ పని చేయదు.

విటమిన్ సి: గట్టి ఆధారం, కష్టమైన స్వభావం

చర్మాన్ని ఎండ నుంచి కాపాడే యాంటీఆక్సిడెంట్లలో బాగా పరిశోధన జరిగింది దీనిమీదే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ప్రచురించిన పనిలో 15 శాతం ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం, 1 శాతం ఆల్ఫా టోకోఫెరాల్ కలిసిన ద్రావణం పంది చర్మం మీద సుమారు నాలుగు రెట్ల రక్షణ ఇచ్చింది. దానికి 0.5 శాతం ఫెరూలిక్ ఆమ్లం (మొక్కల్లో దొరికే మరో యాంటీఆక్సిడెంట్) చేర్చగానే అది సుమారు ఎనిమిది రెట్లయింది, ద్రావణం కూడా ఎక్కువకాలం నిలిచింది. ఈ ఎనిమిదిని ఎస్‌పీఎఫ్ 8 అని చదువుకుని సన్‌స్క్రీన్ మానేయకండి. కింది పొరగా దీని విలువ చాలా ఉంది, పై పొరకు ఇది బదులు కాదు.

చిక్కేమిటంటే ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 లోపు ఉండాలి. జింక్ ఆక్సైడ్ క్రీము ఉండేది 7 పైన. రెండూ ఒకే సీసాలో పెట్టిన క్రీము కొన్ని రోజుల్లోనే పసుపుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. జింక్ కొంత కరిగిపోతుంది, విటమిన్ చచ్చిపోతుంది. ఇంటి సన్‌స్క్రీన్ వంటకాల్లో నేను తరచూ చూసే పెద్ద తప్పు ఇదే, రెండు మంచి వస్తువులనూ ఒకేసారి పోగొట్టుకోవడం.

విడిగా సీరం చేసుకుంటే కూడా జాగ్రత్తలున్నాయి. నీళ్లలో ఇనుము, రాగి ఆనవాళ్లున్నా విటమిన్ సి త్వరగా విరుగుతుంది, ఇనుముతో కలిసి అదే ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది కూడా. బోరు నీళ్లు కాచి చల్లార్చినా ఇనుము పోదు. డిస్టిల్డ్ వాటర్ వాడండి, 0.1 శాతం డైసోడియం ఈడీటీఏ వేయండి, అది లోహాలను పట్టి ఉంచుతుంది. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో, రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి. లేత గడ్డి రంగు వరకు ఫర్వాలేదు. నారింజ రంగుకు వస్తే పారబోయాలి. ఫెరూలిక్ ఆమ్లం నీళ్లలో సరిగా కరగదు, ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో ఆల్కహాల్‌లోనో ముందు కరిగించాలి. చేతికి అలవాటు లేనివాళ్లు ఇక్కడ కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

నూనెలో కరిగే ఆస్కార్బిల్ టెట్రాఐసోపాల్మిటేట్ ఈ తలనొప్పులు చాలావరకు తప్పిస్తుంది. ఆమ్లం అక్కర్లేదు, మంట ఉండదు, జింక్‌తో తగువు లేదు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఆస్కార్బిక్ ఆమ్లం మీద ఉన్నంత పరిశోధన దీని మీద లేదు. సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ నీళ్లలో కరిగే మరో రూపం, తటస్థానికి దగ్గరి పీహెచ్‌లో నిలుస్తుంది. దాన్ని జింక్ క్రీములో కాకుండా కింది పొరలో వాడటం మేలు.

ముఖానికి నిమ్మరసం పూయడం విటమిన్ సి వాడినట్టు కాదు. నిమ్మజాతి పండ్లలోని ఫ్యూరనోకూమరిన్లు ఎండ తగిలినప్పుడు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, నెలల తరబడి పోని మచ్చలు మిగులుస్తాయి. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు.

నియాసినమైడ్: మొదటిసారి చేసేవాళ్లకు

కచ్చితంగా చెప్పాలంటే ఇది ఫ్రీ రాడికల్స్‌ను నేరుగా పట్టడంలో గట్టిది కాదు. ఎండకు దెబ్బతిన్న కణం తనను తాను బాగుచేసుకోవడానికి కావాల్సిన శక్తి తగ్గకుండా చూస్తుంది. నల్లమచ్చలను కూడా కొంత తగ్గిస్తుంది. చవక, నీళ్లలో ఇట్టే కరుగుతుంది, వెలుతురుకు చెక్కుచెదరదు, జింక్‌తో కలిసి ఉంటుంది. యాంటీఆక్సిడెంట్ జాబితాలో దీన్ని చేర్చడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

నేను కింది పొరగా వాడే జెల్ కొలత ఇది, 100 గ్రాములకు: డిస్టిల్డ్ వాటర్ 91.2, గ్లిసరిన్ 3, నియాసినమైడ్ 4, జాంతన్ గమ్ 0.7, ఫినాక్సీఇథనాల్‌తో ఇథైల్‌హెక్సైల్‌గ్లిసరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ 1, డైసోడియం ఈడీటీఏ 0.1. గమ్‌ను ముందు గ్లిసరిన్‌లో తడిపితే ఉండకట్టదు. పీహెచ్ 6 దగ్గర ఉందో లేదో స్ట్రిప్‌తో చూసుకోవాలి. బాగా ఆమ్లంలోకి పోతే నియాసినమైడ్ కొంత నికోటినిక్ ఆమ్లంగా మారుతుంది, అది ముఖాన్ని ఎర్రగా వేడెక్కిస్తుంది.

గ్రీన్ టీ, పసుపు, మిగతావి

గ్రీన్ టీలోని కాటెకిన్లు శక్తిమంతమైనవే, కానీ నీళ్లలో నిలకడ తక్కువ. పీహెచ్ 7 దాటితే త్వరగా గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇనుము తగిలితే నల్లబడతాయి. చర్మపు రంగు రావడానికి ఐరన్ ఆక్సైడ్ వేసిన క్రీములో వీటిని కలపడం ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంట్లో కాచిన టీ డికాక్షన్ అయితే అసలే వద్దు. అందులో ఎంత సారం ఉందో తెలియదు, పైగా సూక్ష్మజీవులకు అది మంచి మేత.

పసుపు మీద మనకున్న మమకారం నాకూ ఉంది. అయితే కర్కుమిన్ వెలుతురులో విరిగిపోయే పదార్థం, క్షారంలో ఎర్రబడుతుంది. ఎండలో పనిచేయాల్సిన క్రీముకు అది తగదు. స్నానానికి ముందు నలుగులో వాడుకోవచ్చు. రంగులేని టెట్రాహైడ్రోకర్కుమిన్ దొరికితే అది మెరుగైన దారి.

కోఎంజైమ్ క్యూ10, రెస్వెరాట్రాల్ వెలుతురుకు సున్నితమైనవి. అస్టాజాంతిన్ ఎర్రటి మరక చేస్తుంది. మొదటి ప్రయత్నంలో ఈ మూడింటికీ డబ్బు పెట్టకండి.

యాంటీఆక్సిడెంట్ ప్రిజర్వేటివ్ కాదు

విటమిన్ ఇ వేశాం కాబట్టి క్రీము చెడదనే మాట ప్రమాదకరం. అది నూనెను ఆక్సిజన్ నుంచి కాపాడుతుంది, నీళ్లలో పెరిగే బాక్టీరియాను, బూజును ఏమీ చేయదు. నీళ్లున్న ప్రతి క్రీముకూ ప్రిజర్వేటివ్ కావాలి. సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ ఆమ్లంలోనే పనిచేస్తాయి, జింక్ క్రీములో వాటి బలం దాదాపు పోతుంది. అక్కడ ఫినాక్సీఇథనాల్ మేళవింపు నయం.

ఎవరికి ఏది

నీళ్లు లేకుండా, మైనం, నూనె, జింక్‌తో బామ్ చేసుకునేవారికి మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ 0.2 శాతం, రోజ్‌మేరీ సారం 0.1 శాతం చాలు. రేణువులకు రక్షణ పూత పూసిన జింక్ ఆక్సైడ్ దొరికితే అదే తీసుకోండి. పూత లేనిది ఎండలో తానే కొంత ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది, వేసిన యాంటీఆక్సిడెంట్ ఖర్చయ్యేది వాటిని ఆర్పడానికే. పొడి తూచేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

మొటిమల చర్మానికి నియాసినమైడ్ జెల్. నూనె రూపాలన్నీ పక్కన పెట్టవచ్చు.

మంగు మచ్చలున్నవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మంగును పెంచేది అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా. తెల్లటి ఇంటి క్రీము, ఎన్ని యాంటీఆక్సిడెంట్లు వేసినా, ఆ వెలుగును తగినంత ఆపదు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేతరంగు సన్‌స్క్రీన్ కొని, దాని కింద నియాసినమైడ్ గానీ విటమిన్ సి గానీ వాడండి. నెలల తరబడి డబ్బు ఖర్చు చేసి మచ్చ ముదరబెట్టుకున్నవాళ్లను చూశాను, చాలా బాధగా ఉంటుంది.

త్వరగా మంట పుట్టే చర్మానికి ఆస్కార్బిక్ ఆమ్లం వద్దు. 2 శాతం నియాసినమైడ్‌తో మొదలుపెట్టి, మోచేతి లోపలివైపు రెండు మూడు రోజులు పూసి చూసుకోవాలి.

పొలం పని చేసేవారు, రోజంతా బండి మీద తిరిగేవారు ఇంటి క్రీము మీద ఆధారపడకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం యూవీ సూచీ (అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె) 11ను దాటడం మామూలే. తలపాగా, చేతులు కప్పే బట్ట, కొన్న సన్‌స్క్రీన్ ముందు, మిగతాదంతా తర్వాత. పిల్లలకు ఇంట్లో చేసినది పూయవద్దు. ఆరు నెలల లోపు శిశువులకు నీడ, బట్ట చాలు.

మీరు ఎంచుకున్నది నూనెను నిజంగా కాపాడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అదే నూనెను రెండు చిన్న గాజు సీసాల్లో సగం వరకు పోయండి. ఒకదానిలో టోకోఫెరాల్ తూచి వేయండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. మూతల మీద తేదీ రాసి, రెండింటినీ వెచ్చగా ఉండే వంటింటి అటక మీద పక్కపక్కన పెట్టండి. వారానికోసారి మూత తీసి వాసన చూడండి. ఏ వారం ఏ సీసా ముక్కిన వాసన కొట్టిందో రాసుకోండి. మీ క్రీము మీద గడువు తేదీ వేయాల్సింది ఆ కాగితం చూసే, అది కూడా అందులో సగం కాలానికే.